తాళం ఎవరి చేతిలో ఉంది?

“ఫోటోలు నాకు పంపొద్దు. అక్షరాలు పంపు.”

కెర్నెల్ నిపుణుడు ఒపొలొట్ గారి జవాబు చదివేసరికి నకిములికి ఒళ్ళు మండింది. అదీ, ప్రపంచంలో కెర్నెల్ మీద, అంటే కంప్యూటర్‌ని లోపల్నించి నడిపే ప్రోగ్రాం మీద, పని చేసేవాళ్ళంతా చదివే మెయిళ్ళ గ్రూపులో.

“బిగుసుకుపోయిన మెషీన్లోంచి అక్షరాలెలా తీస్తాం, సెబో? తెరకి ఫోటో తియ్యడం తప్ప దారేముంది?” అంది మేనేజరు సెబున్యాతో. సెబో అంటే అక్కడ ‘అయ్యా’ అని.

“చూసి టైపు కొట్టు. ఆయన ఈ కంపాలాలోనే ఉంటాడట, మొహం చూసినవాళ్ళే లేరు. గొప్పవాళ్ళ టెక్కు అలాగే ఉంటుంది. సాయంత్రంలోగా సర్వరు నిలబడకపోతే బ్లడ్ బ్యాంకు వాళ్ళు మనల్ని వదిలేస్తారు. నీ ఉద్యోగం, నాదీ గోవిందా.”

నకిములి తిట్టుకుంటూనే తెరనిండా ఉన్నదంతా సున్నాలతో సహా టైపు చేసి పంపింది. కాసేపటికే ఫోన్ మోగింది.

“నేను ఒపొలొట్‌ని. నీ మెయిల్ కింద నంబరుంది. ఒకే తాళం, అదే ప్రోగ్రాముల ‘లాక్’, దాని పేరు రెండుచోట్ల వినపడిందమ్మా. అదెవరి చేతిలో ఉంది?”

“డేటా రాసే ప్రోగ్రాం చేతిలో. తాళం పట్టుకుని మెమరీ కోసం ఆగింది.”

“మరి మెమరీ ఖాళీ చేసిపెట్టేవాడో?”

ఆమె మళ్ళీ చూసింది. “వాడూ ఆగాడు. ఆ తాళం కోసమే.”

“అంటే ఇద్దరూ ‘ముందు నువ్వు కదులు’ అంటూ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. ఏం చేద్దామంటావ్?”

“తాళం పట్టుకోకముందే మెమరీ అడిగిస్తాను.”

“ఇంక నాతో పనేముంది నీకు?” అని ఫోన్ పెట్టేశాడు.

కోడ్‌లో ఒక వరుస పైకి జరిగింది. సర్వరు సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. కళ్ళుపోయేలా తెర చూసినా తనకు దొరకనిదాన్ని ఆయన ఎక్కడో కూర్చుని ఇట్టే పట్టేశాడు. నకిములికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆ మనిషిని ఒక్కసారి చూడాలనిపించింది.

మర్నాడు వేడివేడిగా కాల్చిన గొంజా అరటికాయలు పొట్లం కట్టించుకుని, గ్రూపులో వాళ్ళనడిగి అడ్రసు కనుక్కుని, బోడా అనే అద్దె మోటారుబండెక్కి ఆయన ఇంటికెళ్ళింది. అప్పుడే గేటు తెరుచుకుని ఆయన బయటికొస్తున్నాడు.

“నేను నకిములిని, సెబో. మీకు దణ్ణం పెట్టాలి. కానీ ఒక్కటి చెప్పండి, ఆ ఫోటో చూస్తే మీ సొమ్మేం పోయేది?”

ఒపొలొట్ పెద్దగా నవ్వాడు.

ఆయన చేతిలో దారి తడుముకునే తెల్లకర్ర ఉంది.