ఇంటిదొంగ

"చూశారా మాస్టారూ? లోపలే ఉంది!"

మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే అరిచింది మొండిఘటం. మాస్టారు ఉలకలేదు, పలకలేదు.

ఆమెకు ఆ పేరు పెట్టింది ఆయనే. పద్దెనిమిదేళ్ల కిందట ఆయన దగ్గర పరిశోధనకు చేరిన వారానికే ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో అమిలాయిడ్ ప్రొటీను మెదడు కణాల బయట గడ్డకడుతుందని మాస్టారు. కాదు, ముందు కణం లోపలే పోగవుతుందని మొండిఘటం.

"దొంగ వీధిలోంచి వస్తాడమ్మా," అనేవారాయన.

"ఇంటిదొంగలు కూడా ఉంటారు మాస్టారూ," అనేది ఈమె.

ఏళ్ల తరబడి ఎలుకల మెదళ్లను పలచగా కోసి, రంగు పట్టించి, తీసుకెళ్లి చూపించింది. ఆయన ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టారు. రంగు సరిగ్గా కడగలేదన్నారు. గాజు మీద దుమ్మన్నారు. చివరికి విసుక్కున్నారు.

"ఎలుక బుర్ర చూపించి నా బుర్ర తినకు. మనిషిది చూపించు, అప్పుడు చూద్దాం."

ఆయన రిటైరయ్యాక తన సొంత ల్యాబుకి రమ్మని ఆమె ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. "నీ దుమ్ము చూడ్డానికి నేను బస్సెక్కాలా?" అన్నారు. ఆ తర్వాత ఆయనకే మరుపు మొదలైంది. ఆమె అసలు పేరు మరిచిపోయారు. పేచీ మాత్రం మరిచిపోలేదు. ఆమె గుమ్మంలో కనిపిస్తే చాలు, "బయటే!" అనేవారు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చేవి.

అలాంటి మాస్టారు ఎట్టకేలకు ఆమె ల్యాబుకి వచ్చారు. పంపించింది ఆయన భార్య. "నీ దగ్గరికే వెళ్తానని ఎప్పుడో పట్టుబట్టారమ్మా. జాగ్రత్తగా చూసుకో," అని ఫోనులో చెప్పారు. ఇవాళ అమ్మగారు కూడా వచ్చి, పక్కన కుర్చీలో కూర్చున్నారు.

మొండిఘటం ఈసారి ఏ వంకకూ చోటివ్వలేదు. పన్నెండు స్లైడ్లు చేసింది. ఒక్కోదాన్నీ మూడుసార్లు కడిగింది. పన్నెండింటిలోనూ నీలంరంగు కణాల కడుపులో గోధుమరంగు చుక్కలు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈమె పట్టేసింది.

"ఇప్పుడేమంటారు మాస్టారూ? ఇదీ దుమ్మేనా?"

గెలిచిందే గానీ, గెలుపు చప్పగా ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఆమె ఎదురుచూసింది ఆయన నోటినుంచి 'నిజమేనే మొండిఘటం' అన్న ఒక్క మాట కోసం.

"ఒక్క మాట ఒప్పుకోవడానికి ఈయనకేం నొప్పి, అమ్మగారూ?"

అమ్మగారు నవ్వారు. "మతి బాగున్న రోజుల్లోనే నాతో చెప్పారమ్మా. 'నేను దాని ల్యాబుకి వెళ్లిన రోజున అదేం చూపించినా ఎదురు చెప్పను, మాటిచ్చానని చెప్పు' అని."

మొండిఘటం కళ్లు తుడుచుకుని లేచి, స్టూలు ఖాళీ చేసింది.

"మీరూ చూడండి."

నలభై ఆరేళ్లు తనతో కాపురం చేసిన మనిషి పోతూ పోతూ ఈ ల్యాబుకి రాసిచ్చిన మెదడులోకి అమ్మగారు మొట్టమొదటిసారి తొంగి చూశారు.