ఆలస్యంగా మారే గేరు

కార్లు మనుషులతో మాట్లాడడం మామూలైపోయిన రోజులవి. గేరు ఆలస్యంగా మారుతోందని రత్నాకరం తన కారును భార్య ఇందుమతితో కలిసి విజయవాడ ఆటోనగర్‌కు తెచ్చాడు. మెకానిక్ షబానా ఆయిల్ చూసింది, బాగానే ఉంది. ఒక్కతే నడిపి చూస్తే గేర్లు సరిగ్గానే మారాయి. ఇందుమతి ఎక్కగానే మళ్లీ ఆలస్యం.

షబానాకు వింతగా తోచింది. “ఎందుకే ఆగుతున్నావ్?” అని కారునే అడిగింది.

“కుదుపు తగిలితే అమ్మగారు ఊపిరి బిగపట్టుకుంటున్నారు. అందుకే వేగం కుదిరాక మారుస్తున్నా.”

రత్నాకరం భార్య వైపు తిరిగాడు. “నొప్పిగా ఉందా? చెప్పలేదేం?”

“మొన్న బాత్రూంలో జారిపడ్డానండీ. మీరు కంగారుపడతారని...”

ఆసుపత్రిలో నడుము ఎముక చిట్లిందన్నారు. ఆ సంగతి విన్న షబానా గేరును ముట్టుకోలేదు. ఎముక అతికేదాకా కారును అలాగే నడవనివ్వమంది.