యజమానమ్మ ఉడుత

అడవిలో హోటల్ పెట్టిన నక్క, వడ్డనకి ఉడుతను పిలిచింది. "నువ్వు నా పనిదానివి కాదమ్మా, నీ బల్లకి నువ్వే యజమానివి" అంటూ ఒప్పందపు ఆకు మీద కాలిముద్ర వేయించుకుంది. ఉడుత ఉబ్బితబ్బిబ్బయింది. మరి ఆ యజమానమ్మ కోడి కూయకముందే రావాలట, నక్క చెప్పేదాకా కూర్చోకూడదట! వేడి పులుసు ఒలికి తోక కాలితే, "యజమానుల వైద్యం యజమానులే చూసుకోవాలి" అంది నక్క.

ఒకరోజు చేపల పులుసు తింటున్న పులికి అంగిట్లో ముల్లు గుచ్చుకుంది. "ఎవర్రా ఇక్కడ యజమాని?" అని గాండ్రించింది.

నక్క ఉడుత వెనక దాక్కుంది. "ఈవిడే దొరా! నేను ఉత్త పనివాణ్ణి."

ఉడుత తన భుజం మీది గుడ్డ తీసి నక్క మీదికి విసిరింది.

"విన్నావుగా నీ నోటి మాట? ఊఁ, దొరగారి నోట్లో చెయ్యి పెట్టి ఆ ముల్లు తియ్యరా!"