వరహాలమ్మ పిలుపు

“దవడ ఛోడ్నా మత్! వదలొద్దు!” నర్సు గట్టిగా అరిచింది.

వరహాలమ్మ మంచం తలవైపు నిలబడి, భర్త దవడను రెండు పక్కలా వేళ్ళతో ముందుకు ఎత్తి పట్టుకుంది. కొట్లో బియ్యం బస్తాలు మోసిన చేతులవి, పట్టు సడలలేదు. రాయపూర్ ఆసుపత్రి వార్డంతా ఈథర్ వాసన. హెర్నియా ఆపరేషన్ బాగానే అయింది. మత్తే ఇంకా దిగలేదు.

“మోటా ఆద్మీ. మెడ నిండా కొవ్వు. నాలుక వెనక్కి జారితే గొంతు మూసుకుపోతుంది. గురక ఆగిందంటే ఖత్రా. పేరు పెట్టి పిలుస్తూ ఉండు, మెలకువ రావాలి.”

“మొగుడి పేరు నేనెట్టా పిలుస్తాను సిస్టర్? మీరే పిలవండి.”

“నాకేం తెలుసు? కాగితం డాక్టర్ దగ్గరుంది.” నర్సు ఇంకో మంచం వైపు పరుగెత్తింది.

“ఓ మావా! నిన్నే! ఇటు సూడు!”

గురకే జవాబు. కొట్లో బస్తా మీద కునుకు పట్టినా, ఎదురు కొట్టు త్రాసు గొలుసు గల్లుమంటే చాలు, తన బేరం అటు పోయిందని దిగ్గున లేచి కూర్చునే మనిషి! ఇప్పుడు దుంగలా పడున్నాడు.

పక్క మంచం దగ్గర కొడుక్కి గంజి తాగిస్తున్న పైడమ్మ హెచ్చరించింది. “పేరు మాత్రం పలక్కే అమ్మీ. మొగుడి ఆయుష్షు తరిగిపోద్ది.”

వరహాలమ్మకీ ఆ భయమే. పేరు పలికితే ఆయుష్షు నష్టం. పలక్కపోతే ఊపిరే నష్టం. ఎటు తూచినా ముల్లు ఆయన ప్రాణం వైపే మొగ్గుతోంది.

అంతలో గురక ఆగింది.

ఛాతీ ఎగిరిపడుతోంది, గాలి మాత్రం ఆడడం లేదు. పెదవులు నీలమయ్యాయి.

“సిస్టర్!” ఎవరూ రాలేదు.

కొట్టు నడిపే మనిషి, బేరం తేల్చుకోడానికి ఆట్టే సేపు పట్టలేదు. దవడను ఇంకాస్త ముందుకు లాగి, చెవి దగ్గర వంగి వార్డు దద్దరిల్లేలా అరిచింది.

“భీమారావ్! భీమారావ్!”

గొంతులో గరగరమని, పెద్ద ఊపిరి లోపలికి పోయింది. కనుబొమలు ముడిపడ్డాయి. పిడికిలి బిగిసింది. కళ్ళు తెరుచుకున్నాయి.

“ఎక్కడ?” అన్నాడు బొంగురుగా.

పరుగున వచ్చిన నర్సు నాడి చూసి నవ్వింది. “దేఖా? పేరు పిలిస్తే ఎలా లేచాడో!”

పైడమ్మ బుగ్గలు నొక్కుకుంది. “ఓలమ్మో, ఎంత పని సేసినావే! మొగుడి పేరెట్టి అరిసీసినావు!”

వరహాలమ్మ దవడ వదలకుండానే, చెమట పట్టిన మొహాన్ని భుజానికి తుడుచుకుంది.

“మా ఆయన పేరు నేనెప్పుడు పలికాను పిన్నీ?

భీమారావు మా ఎదురు కొట్టోడు.”