ముందు ఇసుక బస్తాలు

కూర్చోమంటే ఆయన వెంటనే కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాడు. దాని కాలు ఒకటి కాస్త పొట్టిదని తేలింది. పక్కనున్న రెండో కుర్చీని కూడా అలాగే ఊపి, అది నచ్చాక అందులో కూర్చున్నాడు.

“ఏమనుకోకండి. ముప్ఫై ఏళ్ళుగా లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం. చెయ్యి ఊరుకోదు,” అన్నాడు.

డాక్టరుకు నవ్వొచ్చింది. మనసుకు వైద్యం చేసే ఆ గదికి ఎవరూ ఇంత ధీమాగా రారు. బయట బోర్డు మీద ఒట్టి ‘క్లినిక్’ అనే ఉంటుంది. అంతకుమించి రాస్తే మిగతా అద్దెవాళ్ళు ఊరుకోరని ఓనరు మొదట్లోనే చెప్పేశాడు. అయినా వచ్చేవాళ్ళలో సగం మంది మెట్ల మీద ముఖం దాచుకుంటారు. మిగతా సగం, తమకేమీ లేదని, స్నేహితుడి తరఫున అడగడానికి వచ్చామని చెబుతారు. నిద్ర పట్టనిది ఆ స్నేహితుడికే అయినా కళ్ళు మాత్రం వీళ్ళవి ఎర్రబడి ఉంటాయి.

“మీకా?” అని అడిగింది.

“నాకు కాదు, మా వాడికి. ఇరవై ఆరేళ్ళు. కింద కారులో వాళ్ళమ్మ పక్కన ఉన్నాడు. మీతో మాట్లాడాకే పైకి పిలుస్తా.”

“ఏమిటి ఇబ్బంది?”

“మా వాడు ఇష్టపడేది మగవాళ్ళని.” టైమెంతయిందో చెప్పినంత మామూలుగా చెప్పాడాయన. “ఆఫీసులో ఎలాగో తెలిసింది. ఒకటే ఎగతాళి. పడలేక ఉద్యోగం మానేశాడు. రెండు నెలలుగా నిద్ర లేదు. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. నిన్నయితే, నేను లేకపోతే మీకే హాయి కదా నాన్నా అన్నాడు.”

డాక్టరు కలం పక్కన పెట్టేసింది.

“ఇప్పుడే చూస్తాను. పిలవండి.”

“ఆగండి. వాణ్ణి మార్చగలరా?”

మొదలైంది, అనుకుంది డాక్టరు.

“మార్చడమంటే?”

“అదే, అందరిలాగా. ఎన్నాళ్ళు పడుతుంది? మాత్రలా, ఇంజెక్షన్లా?” జేబులోంచి చిన్న డైరీ తీశాడు. అందులో నలుగురు డాక్టర్ల పేర్లు, నాలుగింటి మీదా అడ్డగీతలు. “వీళ్ళందరినీ కలిసే వచ్చా. ఒక్కరూ పనికిరాలేదు.”

నలుగురిని కొట్టేసిన మనిషికి ఐదో పేరు కొట్టేయడం ఒక లెక్కా? ఆరో చోట ఏ మాయమాటలవాడో దొరుకుతాడు. అలాంటివాళ్ళ చేతుల్లో నలిగిపోయి, డాక్టరంటేనే వణికిపోయే పిల్లలను ఆమె చూసింది. సరేనని ఒక్క అబద్ధం ఆడితే చాలు, ఆ అబ్బాయి రెండంతస్తులు ఎక్కి తన ఎదుటికొస్తాడు. తండ్రిని బయట కూర్చోబెట్టి అసలు వైద్యం తను చేసుకోవచ్చు. నాలుక చివరిదాకా వచ్చిందా మాట. కానీ అప్పుడు ఆ అబ్బాయి, తనను బాగుచేస్తానని ఈ డాక్టరు మాటిచ్చిందని వినే మెట్లెక్కుతాడు. ఆ తర్వాత ఆమె ఏం చెప్పినా నమ్మడు.

“మార్చలేను,” అంది. “మార్చగలిగినా మార్చను. అది జబ్బు కాదండీ. నిద్ర పట్టకపోవడం, బతకాలనిపించకపోవడం, వీటికి వైద్యం ఉంది. అది చేస్తాను.”

“కన్నతండ్రిని, నేనే అడుగుతున్నా కదా.”

“ఓనరే అడుగుతున్నాడు కదా అని మీరు లిఫ్టుకు సంతకం పెట్టేస్తారా?”

ఆయన నొచ్చుకున్నట్టు చూశాడు. “ఎలా పెడతానండీ? మనుషుల్ని ఎక్కించేముందు ఇసుక బస్తాలు వేసి చూస్తాం. నిలబడితేనే సంతకం.”

“నా సంతకమూ అంత తేలిగ్గా పడదు.”

ఆయన డైరీ మూసి, లేచి, తలుపు వైపు నడిచాడు. ఆ ఒక్క అబద్ధం ఆడేస్తే పోయేది కదా అని డాక్టరు తనను తాను తిట్టుకుంది.

“కనీసం అబ్బాయిని ఒంటరిగా వదలకండి,” అంది వెనకనుంచి, బతిమాలినట్టుగా.

ఆయన గుమ్మంలో ఆగి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“పైకి రారా నాన్నా, ఆ నలుగురిలా కాదు, ఈవిడ నిన్ను మార్చనంటున్నారు.”