వాస్తు అడగని ఇల్లు

"ఇంట్లో మనుషులున్నట్టు లేదమ్మా," అన్నాడు బసవపున్నయ్య, కంప్యూటర్‌లో కనిపిస్తున్న హాలును చూసి పెదవి విరుస్తూ.

భానుశ్రీకి ఒళ్ళు మండింది. కట్టబోయే ఇళ్ళు లోపల ఎలా ఉంటాయో కంప్యూటర్‌లో బొమ్మలు చేసి చూపించడం ఆమె పని. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మేడ మీద చిన్న ఆఫీసు. ఆమె చేసిన బొమ్మలు అచ్చం ఫోటోల్లా ఉంటాయని ఊళ్ళో కాస్త పేరు కూడా ఉంది. ఈయన మాత్రం వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంక పెడుతున్నాడు. మొదట నేల మీద గ్రానైట్ ప్లాస్టిక్‌లా మెరుస్తోందన్నాడు. నిజమే కాబట్టి మెరుపు తగ్గించి, తడిగుడ్డతో తుడిచిన చారలు అక్కడక్కడా కనబడేలా చేసింది. తర్వాత ఎండ గదంతా ఒక్కలాగే ఉందన్నాడు. అదీ నిజమే. కర్టెన్ దగ్గర ఎక్కువగా, లోపలికి వచ్చేకొద్దీ తక్కువగా పడేలా మార్చింది. తలుపు చెక్క మీది గీతలు ఏ రెండూ ఒకేలా లేకుండా చూసింది. ఇంత చేశాక ఇప్పుడు మనుషులు లేరంటాడు.

"ఏం మార్చమంటారో చెప్పండి బాబాయ్ గారూ," అంది కోపం దిగమింగుకుని.

ఆయన కళ్ళజోడు సర్దుకుని తీరిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు. స్విచ్ బోర్డు చుట్టూ గోడకు చేతి మురికి అంటి ఉండాలట. గడపకు రాసిన పసుపు, కాళ్ళు పడే చోట చెరిగిపోయి ఉండాలట. వంటింటి గట్టు వెనక టైల్స్ మీద పోపు చిందిన మరకలు కావాలట. దేవుడి గూడు పైకప్పు దీపం పొగకు నల్లబడాలి, బాత్రూం తలుపు అడుగున చెక్క చెమ్మకు ఉబ్బాలి.

రాసుకుంటున్న భానుశ్రీ చెయ్యి ఆగిపోయింది. కొత్తిల్లు కట్టుకునేవాడు ఎవడైనా మరకలు కోరుకుంటాడా? ఇంకా లేవని గోడ మీద చిన్న గీత కనిపించినా గుండెలు బాదుకునేవాళ్ళనే ఆమె ఇన్నాళ్ళూ చూసింది.

ఆలోచించేకొద్దీ అనుమానం పెరిగింది. తన దగ్గరికి వచ్చేవాళ్ళెవరైనా కూర్చుంటూనే సింహద్వారం ఎటు పెట్టావని అడుగుతారు. పొయ్యి ఆగ్నేయంలో లేదని, బొమ్మలో ఉన్న వంటింటిని కూడా పీకించి మళ్ళీ కట్టించిన మహానుభావులున్నారు. ఈయన ఇన్నిసార్లు వచ్చి ఒక్కసారి కూడా వాస్తు మాటెత్తలేదు. ప్లాన్ తెమ్మంటే, బొమ్మకు ప్లాన్ దేనికమ్మా అని దాటేశాడు. స్థలం ఎక్కడని అడిగితే ఒకసారి కంకిపాడు రోడ్డన్నాడు, ఇంకోసారి హైదరాబాదన్నాడు.

లేని ఫ్లాట్‌కు ఫోటోలు చూపించి జనం దగ్గర అడ్వాన్సులు గుంజేవాళ్ళ గురించి ఆమె వినే ఉంది. వాళ్ళు కూడా ఇలాగే తెల్లచొక్కా వేసుకుని, అమ్మా అమ్మా అంటూ మాట్లాడతారేమో. రేపు పోలీసులు ఈ బొమ్మలు పట్టుకుని బయల్దేరితే ముందు ఎక్కేది తన ఆఫీసు మెట్లే. భయం వేసింది.

"ఇంతకీ వాకిలి ఎటు పెట్టమంటారు?" అని అడిగింది, ఆయన మొహంలోకే చూస్తూ.

"ఎటో ఒకటి పెట్టమ్మా."

భానుశ్రీ స్క్రీన్ ఆపేసింది. "ఈ ఇల్లు ఎక్కడా లేదు కదండీ," అంది.

బసవపున్నయ్య తల దించుకున్నాడు. లేదమ్మా అన్నాడు. తామంతా గుణదలలో రెండు గదుల అద్దె వాటాలో ఉంటున్నామన్నాడు. కొడుకు సాత్విక్ బుద్ధిమంతుడు, హైదరాబాదులో ఉద్యోగం. సంబంధాలు వచ్చినట్టే వస్తున్నాయి, వాటా చూసి వెళ్ళాక ఫోన్ ఎత్తడం మానేస్తున్నారు. ఇప్పుడు గుడివాడ నుంచి మంచి సంబంధం వచ్చింది. ఇదీ పోతుందన్న భయంతో, హైదరాబాదులో సొంత ఫ్లాట్ ఉంది, అందరం అక్కడే ఉంటున్నామని చెప్పేశాడు. అయితే ఫోటోలు పెట్టమన్నారు వాళ్ళు. మరీ కొత్తగా కనబడితే నమ్మరని ఆయన బాధ.

"ఆ అమ్మాయి కాపురానికొచ్చి, ఇల్లేదని అడిగితే ఏం చెప్తారు?"

"అప్పటికి లోన్ పెట్టి ఏదో ఒకటి కొనేస్తాంలే అమ్మా."

"కొనలేకపోతే?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

భానుశ్రీకి జాలి వేసింది, కోపం అంతకన్నా ఎక్కువ వచ్చింది. ఎక్కడో ఒక పిల్ల ఈ బొమ్మను చూసుకుంటూ, ఆ కిటికీ దగ్గర కుర్చీ వేసుకోవాలని అనుకుంటుంది. అమ్మానాన్నలకు కూడా చూపించి మురిసిపోతుంది. ఆ కిటికీలో ఎండ పోసింది తనే. తలుచుకుంటేనే సిగ్గనిపించింది.

"నేను చెయ్యనండీ. ఇంతవరకూ చేసింది కూడా చెరిపేస్తాను. వాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పండి, ఇష్టమైతే చేసుకుంటారు."

బసవపున్నయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు మాత్రం సిగ్గుగా లేదామ్మా? వాళ్ళు దాపరికం తెలీని మనుషులు. అడగ్గానే వాళ్ళింటి ఫోటోలు పంపించేశారు. ఇంత ఇల్లు చూశాక మా వాటా ఏ మొహంతో చూపించమంటావు?" అంటూ ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

భానుశ్రీ ఇష్టం లేకుండానే అందుకుంది. పొడుగాటి హాలు, ఏటవాలుగా పడుతున్న సాయంత్రపు ఎండ, టీపాయ్ మీద అడుగున నురగ మిగిలిన కాఫీ గ్లాసు. సోఫాలో ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు నలిగిన దిండు. ఆమె వేళ్ళతో ఫోటోను పెద్దది చేసి, అలాగే చూస్తూ ఉండిపోయింది.

"చూశావా, మనుషులు తిరిగే ఇల్లంటే అదీ," అన్నాడు ఆయన.

"ఆ దిండు నలిగినట్టు కనబడటానికి, పోయిన నెల నాకు ఒక పూటంతా పట్టింది బాబాయ్ గారూ," అంది భానుశ్రీ.