కుప్పలో దొరికిన అమ్మ

మెక్సికో నగరంలో, లగునియా ఆదివారపు సంతలో ముసలి హసింతో అమ్మేది పాత ఫోటోలు. ఎవరెవరో ఖాళీ చేసిన ఇళ్ళలోంచి వచ్చిన ముఖాలు. పొద్దుటి నుంచీ ఒబ్దూలియా ఆ కుప్పను తిరగేస్తూనే ఉంది.

“ఎవరికోసం తల్లీ ఇంత వెతుకులాట? నిన్ను చూస్తుంటేనే నాకు నడుం పీకుతోంది,” అన్నాడు ముసలాయన.

“మా అమ్మ కోసం.”

“మీ అమ్మ ఫోటో నా దగ్గరికెందుకొస్తుంది?”

“రాదు. అసలు అమ్మకి ఫోటోనే లేదు. ఎల్లుండేగా పోయినవాళ్ళు ఇళ్ళకొచ్చే పండగ! బంతిపూలు, రొట్టె అన్నీ తెచ్చా. వాటి మధ్య ముఖం లేకుండా ఎలా? కాస్త పోలికలుంటే చాలు.”

“పోయినవాళ్ళని కూడా బురిడీ కొట్టిస్తావన్నమాట!”

ఆమె నవ్వలేదు. అడుగు నుంచి ఒక ఫోటో లాగింది. నుదురు చిట్లించి చూస్తున్న నడివయసు స్త్రీ.

“అచ్చం ఇలాగే చిరాకుపడేది. మా అమ్మ రాకపోతే పోనీ, ఈవిడైనా వస్తుంది. పాపం, కన్నతల్లిని ఇలా కుప్పలో పడేసిన కొడుకెవడో!”

“పండక్కి దీపం పెట్టడానికి ఇల్లంటూ లేనివాడేమోలే.”

“ఎంతివ్వమంటావు పెద్దాయనా?”

“ఏమొద్దు, తీసుకెళ్ళు.”

ఫోటోను పాత పేపర్లో చుట్టాడు. చేతికివ్వబోయి ఆగాడు.

“ఫోటో ముందర కాఫీ కూడా పెడతావుగా?”

“పెట్టకుండా ఎలా?”

“పంచదార మాత్రం వెయ్యకు తల్లీ. వేస్తే తాగదు.”